థెర్మోప్రోటియస్‌లో ఎస్‌ఎస్‌బీ జీన్ ఎందుకు దొరకదు?

థెర్మోప్రోటియస్ టెనాక్స్ (వేడి బుగ్గల్లో బతికే ఆర్కియా, అంటే బ్యాక్టీరియా కాని ఒక రకం ఏకకణ జీవి) జీనోమ్‌లో బ్లాస్ట్ (సీక్వెన్స్ పోలికలు వెతికే ప్రోగ్రామ్) చేస్తే ఎస్‌ఎస్‌బీ (ఒంటి డీఎన్‌ఏ పోగును పట్టుకుని కాపాడే ప్రోటీన్) జీన్ రావడం లేదని, మరి విడిపోయిన డీఎన్‌ఏ పోగును అది ఎలా కాపాడుకుంటుందని అడిగారు. మీ బ్లాస్ట్‌లో తప్పేం లేదు. మామూలు ఎస్‌ఎస్‌బీ దానికి నిజంగానే లేదు, ఆ పని వేరే ప్రోటీన్ చేస్తుంది.

పీహెచ్‌డీలో నేను పనిచేసింది సల్ఫోలోబస్ సోల్ఫాటారికస్ అనే మరో ఆర్కియా ఎస్‌ఎస్‌బీ మీద. 148 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్: ఒకే ఒక్క ఓబీ ఫోల్డ్ (డీఎన్‌ఏను పట్టుకునే ఒక రకం ప్రోటీన్ మడత), దాని వెనక ఆమ్ల స్వభావమున్న వదులు తోక. ఈ.కొలై బ్యాక్టీరియాలో తయారు చేయించి, కణాలు పగలగొట్టి, ఆ ద్రవాన్ని 70 డిగ్రీల వాటర్ బాత్‌లో పెడితే ఈ.కొలై ప్రోటీన్లు చాలావరకు పాలు విరిగినట్టు విరిగిపోతాయి. సెంట్రిఫ్యూజ్ చేశాక పైన మిగిలే తేటలో మనకి కావలసింది ఉంటుంది. 80 డిగ్రీల ఆమ్లపు బుగ్గల్లో బతికే జీవి ప్రోటీన్‌కి 70 ఒక లెక్కా! ఆర్కియా మీద పనిచేసేవాళ్లకి దక్కే సుఖం బహుశా ఇదొక్కటే.

అది డీఎన్‌ఏను పట్టుకోవడం ఫ్లోరిమీటర్‌లో (ప్రోటీన్ వెలువరించే కాంతిని కొలిచే యంత్రం) కళ్లకు కనిపిస్తుంది. ఒలిగో డీటీని (టీ బేసులు మాత్రమే ఉన్న పొట్టి డీఎన్‌ఏ పోగు) కొంచెం కొంచెంగా కలుపుతూ పోతే 350 నానోమీటర్ల దగ్గర రీడింగ్ పడిపోతూ వస్తుంది. ప్రోటీన్‌లో ఆ కాంతినిచ్చే ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లపు వలయాల మీద డీఎన్‌ఏ బేసులు వచ్చి పేర్చుకోవడమే కారణం. తగ్గడం ఎక్కడ ఆగిందో చూసి లెక్కేస్తే ఒక్కో ప్రోటీన్‌కి సుమారు 5 బేసులు. (మిశ్రమ సీక్వెన్స్ వాడితే అది తనలో తానే మడతపడి లెక్క చెడగొడుతుంది. డీటీతో ఆ గొడవ ఉండదు.)

ఈ పనికి జీవిజీవికీ పద్ధతి వేరు. ఈ.కొలైలో నాలుగు ఎస్‌ఎస్‌బీ ప్రోటీన్లు జట్టుకట్టి, ఉప్పు మోతాదును బట్టి 35 లేదా 65 బేసులను చుట్టుకుంటాయి. మనుషుల్లో ఇదే పని చేసే ఆర్‌పీఏ మూడు వేర్వేరు ప్రోటీన్ల జట్టు. పైరోకోకస్ ఫ్యూరియోసస్ అనే ఆర్కియాదీ అదే పద్ధతి. మెథనోకాల్డోకోకస్ జన్నాషీ అనే ఇంకో ఆర్కియాలో ఒకే గొలుసులో నాలుగు ఓబీలు. సల్ఫోలోబస్‌ది ఇంకా తమాషా: పైకి అమరిక బ్యాక్టీరియాదే, కానీ 2003లో స్ఫటిక నిర్మాణం చూస్తే ఆ ఓబీ మన ఆర్‌పీఏకే దగ్గరగా ఉంది. అందుకే ‘ఆర్కియాది ఏ రకం?’ అన్న ప్రశ్నే నాకు నచ్చదు.

ఇక మీ జీవి సంగతి. 2012లో సెయింట్ ఆండ్రూస్‌లోని మాల్కమ్ వైట్ బృందం దీనిలో థెర్మోడీబీపీ అనే ప్రోటీన్‌ని గుర్తించింది. అందులో ఓబీ ఫోల్డే లేదు. పొడవాటి గాడి, లోపల ఫినైల్ అలనిన్లు, అంచుల వెంట ధనావేశమున్న అమైనో ఆమ్లాలు. అంటే బేసులకి లోపల చోటు, ఫాస్ఫేట్లకి అంచున పట్టు. చేసే పని అదే, అచ్చు మాత్రం పూర్తిగా వేరు. ఓబీ సీక్వెన్స్ ఇచ్చి వెతికితే ఇది తగలడానికి దారే లేదు.

థెర్మోడీబీపీ సీక్వెన్స్‌నే క్వెరీగా (వెతకడానికి ఇచ్చే నమూనాగా) పెట్టి మళ్లీ వెతకండి. పాత ఓబీ క్వెరీని మాత్రం సల్ఫోలోబస్ జీనోమ్ మీద ఒకసారి నడపండి. అక్కడ కూడా ఏమీ రాకపోతే, క్వెరీకి ఏ సీక్వెన్స్ పెట్టారో ఇక్కడ రాయండి, చూద్దాం.