ప్రాగ్‌కి రమ్మంటున్నారు, పోవాలా అక్కా?

నిన్న పొద్దున కాజీపేటలో మీ ఇంటికి పోయాను చెల్లె. సంక్రాంతి దగ్గర పడింది కదా, హాల్లో తెల్లబట్ట పరిచి మీ అమ్మ సకినాలు చుట్టుతోంది. నువ్వులు, వాము కలిపిన బియ్యప్పిండి వేళ్ళ మధ్య నుంచి సన్నగా దిగుతుంటే, ఎక్కడా తెగకుండా మూడు నాలుగు చుట్లు తిప్పి, చివర నొక్కి వదిలేస్తోంది. చెయ్యి ఆపకుండానే అడిగింది: "బిడ్డా, నువ్వు పదహారేండ్ల నుంచి అక్కడనే ఉంటున్నవు. మా పిల్ల క్లాసోళ్ళతోని వేరే దేశం పోతనంటున్నది. రెండు రాత్రులట. మగపిల్లలు గూడ ఉన్నరట. పంపాల్నా?"

రాత్రి హనుమకొండకు తిరిగొచ్చేసరికి జర్మనీలోని డ్రెస్డెన్ నుంచి నీ మెసేజ్. "అక్కా, వీకెండ్‌కి ప్రాగ్ పోదామంటున్నారు. ఆరుగురం. డబ్బులు చూస్తే భయం, కాదంటే ఇంకోసారి పిలవరేమోనని టెన్షన్. పోవాలా?"

అమ్మ అడిగింది ఒకటి, నువ్వు అడిగింది ఇంకొకటి. జవాబు మాత్రం ఇద్దరికీ కలిపే రాస్తున్నాను. వరంగల్, కరీంనగర్, జగిత్యాల వైపు నుంచి ఏటా వస్తున్న పిల్లలకు కూడా ఇదే సందేహం ఉంటుంది.

పో చెల్లె. తప్పకుండా పో. కానీ టికెట్ కొనేముందు నీ పాస్‌పోర్ట్ తీసి వీసా పేజీ చూడు. నువ్వు అక్టోబర్‌లో వచ్చావు. చాలామంది పిల్లల వీసా మొదటి కొన్ని నెలలకే ఉంటుంది, ఆ తర్వాత రెసిడెన్స్ పర్మిట్ కార్డు రావాలి. కార్డు చేతికొచ్చి ఉంటే, లేదా వీసా గడువు ఇంకా ఉంటే, ఇబ్బంది లేదు. జర్మనీ కాక మిగతా షెంగెన్ దేశాల్లో, అంటే ఒకే వీసాతో తిరగనిచ్చే యూరప్ దేశాల్లో, ఏ 180 రోజులు తీసుకున్నా 90 రోజుల వరకు తిరగొచ్చు. ప్రాగ్ ఉన్న చెక్ దేశం 2007 చివరి నుంచే షెంగెన్‌లో ఉంది. వీసా అయిపోయి, కార్డు రాక, మధ్యలో పర్మిట్ ఇచ్చే ఆఫీసు వాళ్ళిచ్చిన కాగితం ఒక్కటే ఉందనుకో, ఆ కాగితాన్ని నమ్ముకొని సరిహద్దు దాటొద్దు. ఆఫీసుకు మెయిల్ పెట్టు, రాతపూర్వకంగా జవాబు వచ్చాకే కదులు. అప్పటిదాకా మీవాళ్ళతో "లైప్‌జిగ్ పోదామా" అను, అది జర్మనీలోనే ఉంది. నీ వీసా సంగతి చెప్తే వాళ్ళకు అర్థమవుతుంది. జర్మనీ పిల్లలకు ఈ వీసా గొడవలు తెలియవు, మనం చెప్తేనే తెలుస్తాయి.

పాస్‌పోర్ట్ ఒరిజినల్, కార్డు ఒరిజినల్ రెండూ వెంట ఉండాలి. ఫోన్లో ఫొటో ఉంది కదా అనుకోవద్దు. 2024 సెప్టెంబర్ నుంచి జర్మనీ తన అన్ని భూ సరిహద్దుల్లోనూ తనిఖీలు పెట్టింది. తిరుగు ప్రయాణంలో పోలీసులు బస్సు ఎక్కి అడగొచ్చు. అడిగితే భయపడకు, చూపించు. ఇంకొక మాట: ఇదే వీసా మీద లండన్, డబ్లిన్ పోలేవు. బ్రిటన్, ఐర్లండ్ షెంగెన్‌లో లేవు, వాటికి వేరే వీసా కావాలి. ఎవరైనా చవక విమానం టికెట్ చూపిస్తే ముందు ఇది గుర్తు తెచ్చుకో.

ఇప్పుడు డబ్బు సంగతి. అసలు నేను చెప్పాలనుకున్నది ఇదే.

2009 నవంబర్లో నేను కూడా క్లాస్‌మేట్స్‌తో మొదటిసారి ప్రాగ్‌కే పోయాను. ఐదుగురం. రాత్రి పాత ఊరి చౌరస్తా దగ్గర ఒక హోటల్లో కూర్చున్నాం. మెనూ తెరిచాను. ప్రతి ధరనూ మనసులో యూరోల్లోకి, యూరోల నుంచి రూపాయల్లోకి మార్చుకుంటూ పోతే ఒక్క ప్లేటు దగ్గర కూడా వేలు ఆగలేదు. "నాకు ఆకలిగా లేదు" అన్నాను. మన దగ్గరైతే ఏమవుతుంది? "అట్లెట్ల? కొంచెమన్న తిను" అని ఒకరు, "పొద్దున్నుంచి ఏం తిన్నవని" అని ఇంకొకరు పట్టుబడతారు. రెండుసార్లు వద్దంటాం, మూడోసారికి చెయ్యి కడుక్కొని కూర్చుంటాం. అక్కడ ఎవరూ రెండోసారి అడగలేదు. నా మాటను నిజమని నమ్మి వాళ్ళు తిన్నారు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు.

కాసేపటికి ఫోన్ మాట్లాడొస్తానని బయటికి వచ్చి, ట్రామ్ స్టాప్‌లో కూర్చొని, బ్యాగులోని బ్రెడ్డు తీసి తిన్నాను. చలికి బ్రెడ్డు గట్టిపడింది. నమిలే కొద్దీ గొంతులో అడ్డం పడుతోంది. నేను మరిచిపోయిన స్కార్ఫ్ ఇద్దామని మా క్లాసమ్మాయి వెనకాలే వచ్చింది. నా చేతిలో బ్రెడ్డు చూసి ఏమీ అనలేదు. పక్కన కూర్చుంది. కొంతసేపటికి, "నీ దగ్గర ఎంత ఉందో ముందే చెప్తే మేం వేరే చోటికి వచ్చేవాళ్ళం కదా. మేమూ స్టూడెంట్లమే" అంది. ఆమె గొంతులో బాధ ఉంది. తన ముందు అబద్ధం ఆడాల్సి వచ్చేంత పరాయిదాన్నయ్యానా అన్న బాధ. ఈ రోజుకీ ఆ అమ్మాయి నాకు మంచి స్నేహితురాలు.

అందుకే చెప్తున్నాను, పోయేముందే అంకె చెప్పేయ్. మీ గ్రూపులో ఈ రోజే మెసేజ్ పెట్టు: "నేను వస్తాను. బస్సు, హాస్టల్, తిండి అన్నీ కలిపి నా దగ్గర 120 యూరోలు ఉన్నాయి. బీఫ్, పోర్క్ తినను. తాగను, కానీ మీతో కూర్చుంటాను." ఇంతే. క్షమాపణలు వద్దు, నాన్న కష్టాలు వద్దు, లోన్ కథ వద్దు. అక్కడి పిల్లల్లో కూడా వారాంతాల్లో కేఫ్‌లో పనిచేసి అద్దె కట్టుకునేవాళ్ళు ఎంతోమంది ఉంటారు. ఒకరు అంకె చెప్తే, మనసులో అదే లెక్క వేసుకుంటున్న మరో ఇద్దరు ఊపిరి పీల్చుకుంటారు. ఇది నేను చాలాసార్లు చూశాను.

120 ఎందుకన్నానంటే, బ్లాక్డ్ అకౌంట్ నుంచి, అంటే వీసా కోసం ముందే డబ్బు వేసి ఉంచిన ఖాతా నుంచి, నీకు నెలకు వచ్చేది 992 యూరోలు. అద్దె, ఇన్సూరెన్స్, సరుకులు పోను మిగిలేది నాకు తెలుసు. నీకు ఇంకా పని దొరకలేదన్నావు. ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు దించి, రేటు కోసం ఎండలో నిలబడే నాన్న గుర్తొస్తాడు. గుర్తు రావాలి కూడా. ఆ గుర్తుతోనే, రెండు నెలలకొకసారి ఇంత అని పక్కన పెట్టుకో. పూర్తిగా మానుకోవడం మాత్రం వద్దు. మొదటి ఏడాది ఏ పిలుపుకూ పోకుండా గదిలో కూర్చున్న పిల్లలు రెండో ఏడాది ఒంటరితనంతో నాకు ఫోన్ చేస్తారు. వాళ్ళను ఊరడించడం నాకు చాలా కష్టంగా ఉంటుంది.

ఖర్చు తగ్గే చోట్లు చెప్తాను. మీ సెమిస్టర్ టికెట్, అదే స్టూడెంట్ల ప్రయాణ పాసు, దేశమంతా చెల్లేదే అయినా లోకల్, రీజనల్ రైళ్ళలోనే చెల్లుతుంది. డ్రెస్డెన్ నుంచి ప్రాగ్ పోయే ఎక్స్‌ప్రెస్‌లో చెల్లదు. దానికి వేరే టికెట్ కొనాలి. ముందుగా కొంటే చవక. బస్సు ఇంకా చవక. కానీ ఒక దారైనా రైల్లో రా. పట్టాలు ఎల్బే నది ఒడ్డునే పోతాయి, సరిహద్దు దగ్గర రాతి గుట్టలు నది మీదికి వంగినట్టు ఉంటాయి. ఎడమా కుడా అని నన్ను అడగకు, నది ఏ వైపు కనిపిస్తే ఆ వైపు కూర్చో.

అక్కడ యూరో కాదు, కొరునా. స్టేషన్‌లో, టూరిస్టులు తిరిగే వీధుల్లో డబ్బు మార్చొద్దు. తొందరలో మార్చేస్తే రసీదు జాగ్రత్తగా ఉంచుకో. మూడు గంటల లోపు వెనక్కి పోయి ఆ మార్పిడిని రద్దు చేసుకునే హక్కు అక్కడి చట్టంలో ఉంది. కార్డు మిషన్ "యూరోలో కడతారా, కొరునాలోనా" అని అడిగితే కొరునానే నొక్కు. యూరో నొక్కితే వాళ్ళ రేటు పడుతుంది, ఎప్పుడూ మనకే నష్టం. ట్రామ్ కాగితం టికెట్ కొన్నాక పసుపు రంగు మిషన్‌లో పెట్టి స్టాంపు వేయించాలి. స్టాంపు లేని టికెట్ చెల్లదు, ఫైన్ వేస్తారు.

హోటల్ బిల్లు ఎవరిది వాళ్ళే. లక్నవరం పోతే మనం ఒకరు పెట్రోలు పోయిస్తాం, ఒకరు బిర్యానీ తెస్తాం, ఎవరూ లెక్క రాసుకోరు. ఇక్కడ బిల్లు తెచ్చినాయన "కలిపా, విడిగానా" అని అడుగుతాడు. విడిగా అంటే ఎవరూ పిసినారి అనుకోరు. మన మర్యాద కొద్దీ అందరికీ నువ్వే కట్టేయాలని చూడకు. వాళ్ళకు అది అప్పులా బరువుగా ఉంటుంది, నీకు నెలాఖరుకు ఇబ్బంది. కలిపి పెట్టిన ఖర్చులు ఫోన్లో పంచుకునే యాప్‌లో వేస్తారు. తిరిగొచ్చిన రోజే నీ వాటా పంపేయ్. ఈ ఒక్క విషయంలో ఆలస్యం చేస్తే మాట పోతుంది.

తిండికి అక్కడ మాంసం ఎక్కువ. శాకాహారం అని చెప్పినా సూప్‌లో మాంసం నీళ్ళు ఉండొచ్చు, విడిగా అడగాలి. వేయించిన చీజ్, పక్కన ఆలుగడ్డలు దాదాపు ప్రతి చోటా ఉంటాయి, నన్ను ఎన్నోసార్లు కాపాడిన తిండి అది. పొద్దుటికి హాస్టల్ దగ్గరి సూపర్ మార్కెట్లో పెరుగు, బన్ను కొనుక్కో. తాగనన్నాక ఎవరూ బలవంతపెట్టరు. ఒకసారి స్పష్టంగా చెప్పు, చాలు. మన దగ్గరిలాగా "ఇప్పుడొద్దులే" అన్నావనుకో, తర్వాత కావాలేమో అనుకుంటారు.

శనివారం పొద్దున ఆరున్నరకే లేపి అందరినీ చార్లెస్ వంతెన మీదికి తీసుకుపో. తొమ్మిది దాటితే అడుగు పెట్టే సందు ఉండదు. 516 మీటర్ల రాతి వంతెన, రెండు వైపులా 30 విగ్రహాలు, కింద వల్తవా నది. 1357లో పునాది వేశారని గైడ్లు గొప్పగా చెప్తారు, గొప్పే. అప్పుడు నువ్వు మీవాళ్ళకు రామప్ప గుడి గురించి చెప్పు. 1213 నాటిది, ఈ వంతెన కంటే 144 ఏళ్ళు పెద్దది. గోపురానికి వాడిన ఇటుకలు నీళ్ళలో తేలేంత తేలిక. ప్రాగ్ పాత ఊరు 1992లో ప్రపంచ వారసత్వ జాబితాలోకి వస్తే, మన రామప్ప 2021లో వచ్చింది. ఫోన్లో నాగిని శిల్పం ఫొటో పెట్టుకొని పో. నేను చూపించినప్పుడు పదిహేను నిమిషాలు వంతెన సంగతే మరిచిపోయారు. మనం ఎక్కడి నుంచి వచ్చామో చెప్పుకోవడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

పెద్దమ్మా, ఇక మీ మాట. మగపిల్లలు ఉన్నారు, నిజమే. వాళ్ళతోనే మీ అమ్మాయి ప్రాజెక్టు చేస్తుంది, ల్యాబ్‌లో రాత్రి ఎనిమిది దాకా ఉంటుంది. హాస్టల్లో ఆడపిల్లలకే ఉండే గది దొరుకుతుంది, అది బుక్ చేసుకొమ్మని చెప్పాను. మిగతా ఇద్దరమ్మాయిలూ అందులోనే ఉంటారు. ఐదుగురి పేర్లు, హాస్టల్ అడ్రసు, తిరిగొచ్చే బస్సు టైము మీకు పంపుతుంది. అక్కడ కూడా అదే సిమ్ పనిచేస్తుంది. జర్మనీ ఇన్సూరెన్స్ కార్డు వెనక యూరప్ కార్డు ఉంటుంది, అత్యవసరమైతే చెక్ డాక్టరు దగ్గర కూడా పనికొస్తుంది. ఆపద నంబరు రెండు దేశాల్లోనూ 112. రాత్రి పూట ఒకసారి ఫోన్ చేస్తుంది, గంటగంటకూ వీడియో కాల్ మాత్రం అడగకండి. వంతెన మీద నిలబడి మీకు నెట్‌వర్క్ వెతుక్కుంటూ ఉంటే పిల్ల ఏం చూస్తుంది?

చెల్లె, నువ్వు కూడా ఇంట్లో దాచి పోవద్దు. ఎవరో ఒకరు ఫొటో పెడతారు, మన కాజీపేటలో ఎవరో ఒకరు చూస్తారు, అమ్మకు ముందు వాళ్ళు చెప్తారు. ఆ రోజు నీ మీద ఉన్న నమ్మకం తగ్గుతుంది, ఇంకో నాలుగేళ్ళు ఏ ప్రయాణానికైనా అదే అడ్డం వస్తుంది. నువ్వే చెప్పు. ఇంకొకటి, 120లో కలపకుండా విడిగా 40 యూరోలు దాచిపెట్టు. గ్రూపులో ఏదైనా నీకు నచ్చకపోతే, ఎవరికీ సంజాయిషీ ఇవ్వకుండా నీ అంతట నువ్వు బస్సెక్కి వచ్చేయడానికి. ఖర్చు కాకపోతే మంచిదే, మళ్ళీ అకౌంట్లో వేసుకో.

నేను ఇరవై రెండున డ్రెస్డెన్‌లో దిగుతాను. మీ అమ్మ నా సూట్‌కేసు తెరిపించి మరీ ఒక స్టీలు డబ్బా నిండా సకినాలు సర్దింది, పైన కాగితం పరిచి మూత గట్టిగా నొక్కింది. "అందరికీ పెట్టమను, ఆ పిల్లలకు కూడ" అంది. శుక్రవారం బస్సుకు ముందు మా ఇంటికి వచ్చి తీసుకో. డబ్బా మాత్రం తిరిగి తేవాలట.