సర్జరీ కోసం దేశం దాటాలనుకుంటున్న మేనకోడలికి

చిరంజీవి బిడ్డకు మేనమామ ఆశీర్వదించి వ్రాయునది.

నల్లగొండ ప్రభుత్వ ఆసుపత్రిలో హౌస్ సర్జన్‌గా ఉన్న నువ్వు, ముందు మన దగ్గరే ఎం.ఎస్. జనరల్ సర్జరీ ముగించి అమెరికాకు రావాలా, లేక నేరుగా రావాలా అని మీ అమ్మతో అడిగించావు. ఆమె మధ్యలో పెళ్లి మాట కూడా కలిపింది కానీ నేను దాని జోలికి పోను. అమెరికాలో సర్జన్ కావాలన్నదే నీ గట్టి నిర్ణయమైతే ఎం.ఎస్. కోసం మూడేళ్లు వెచ్చించవద్దు. ఎం.ఎస్. చేస్తే మాత్రం మన దగ్గరే స్థిరపడు, లేదా బ్రిటన్ వైపు చూడు.

ఇక్కడ అమెరికాలోని సర్జరీ బోర్డు మన ఎం.ఎస్.ను రెసిడెన్సీకి (ఆసుపత్రిలో పనిచేస్తూ పొందే స్పెషలిస్టు శిక్షణకు) బదులుగా ఒప్పుకోదు. సాధారణంగా మొదటి సంవత్సరం నుంచి ఐదేళ్ల రెసిడెన్సీ చేయాలి, అందులో కనీసం 850 ఆపరేషన్లు నమోదు కావాలి, ఆపైన రాత పరీక్ష, మౌఖిక పరీక్ష. ఎం.ఎస్. చేసి వస్తే, దేవరకొండ నుంచి అర్ధరాత్రి వచ్చిన రోగి పేగుకు పడిన రంధ్రాన్ని సొంతంగా కుట్టిన చేతితో, నీకంటే వయసులో చిన్నవాడి పక్కన రిట్రాక్టర్ (కోతను తెరిచి ఉంచే పరికరం) పట్టుకొని నిలబడవలసి వస్తుంది. కొందరు ఓర్చుకుంటారు. చక్కని చేతి నైపుణ్యం ఉన్నవాళ్లే విసిగిపోయి, ఆపరేషన్లు లేని ఇంటర్నల్ మెడిసిన్‌కు మారడం కూడా నేను చూశాను. పైగా ఎం.బి.బి.ఎస్. పూర్తయి ఏళ్లు గడిచినకొద్దీ చాలా రెసిడెన్సీ ప్రోగ్రాములు దరఖాస్తును చదవకుండానే పక్కన పెడతాయి.

మార్చిలో మ్యాచ్ (రెసిడెన్సీ సీట్ల కేటాయింపు) ఫలితం వచ్చినప్పుడు సీటు దొరికిందన్న సంతోషంలో అది ఏ రకమో చూసుకోవడం మరువవద్దు. కేటగారికల్ సీటైతే ఐదేళ్లూ నీదే. ప్రిలిమినరీ సీటు సాధారణంగా ఏడాదితో ముగుస్తుంది, తరువాతి సంవత్సరానికి హామీ ఉండదు, మన పిల్లలకు ఎక్కువగా ఎదురయ్యేది కూడా అదే. నన్నడిగితే, గతంలో తమ ప్రిలిమినరీ రెసిడెంట్లలో ఎందరిని కేటగారికల్‌లోకి తీసుకున్నారో ఇంటర్వ్యూలోనే మర్యాదగా అడగాలి. జవాబు దాటవేసే చోటును మ్యాచ్‌కు నువ్విచ్చే ప్రాధాన్య జాబితాలో కిందికి దించాలి.

వీసా సంగతి సర్జన్ జీవితాన్ని ఎంతగా మలుస్తుందో వెళ్లేముందు ఎవరూ చెప్పరు. జె-1 (ఎక్స్ఛేంజ్ విజిటర్) వీసాపై శిక్షణ పొందితే, ముగిశాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలి, లేదా వైద్యుల కొరత ఉన్న ప్రాంతంలో మూడేళ్లు పనిచేసేందుకు మినహాయింపు పొందాలి. రాష్ట్రాల ద్వారా దొరికే ఆ మినహాయింపులు ఒక్కో రాష్ట్రానికి ఏటా 30 మాత్రమే. హెచ్-1బి కావాలంటే రెసిడెన్సీ మొదలయ్యే నాటికే అమెరికా వైద్య లైసెన్సు పరీక్ష (యు.ఎస్.ఎం.ఎల్.ఇ.)లో చివరి దశైన స్టెప్ 3 కూడా గట్టెక్కాలి, అయినా అన్ని ఆసుపత్రులూ ఆ వీసా ఇవ్వవు.

బ్రిటన్ దారి వేరు. ఎం.ఆర్.సి.ఎస్. (అక్కడి రాయల్ సర్జన్ల కళాశాలల సభ్యత్వ పరీక్ష) ఉత్తీర్ణత ఉంటే, విదేశాల్లో చదివిన వైద్యులకు పెట్టే ప్లాబ్ పరీక్ష రాయకుండానే అక్కడి మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు, మన ఎం.ఎస్. అనుభవం కూడా ఉద్యోగానికి పనికొస్తుంది. కన్సల్టెంట్ (సీనియర్ స్పెషలిస్టు) స్థాయికి చేరడానికి మాత్రం చాలా ఓపిక కావాలి.

ఇక ఆపరేషన్ థియేటర్ గురించి. మన దగ్గర ప్రొఫెసర్ లోపలికి రాగానే అందరూ మౌనం వహిస్తారు, తప్పు కనిపించినా హౌస్ సర్జన్ నోరు మెదపడు. ఇక్కడ కోత పెట్టేముందు అందరూ ఆగి రోగి పేరు, జరగబోయే ఆపరేషన్, ఏ వైపు అన్నది పైకి చెప్పుకుంటారు. సందేహం వస్తే నర్సు సైతం పని ఆపించవచ్చు, నువ్వు గమనించీ ఊరుకుంటే అది వినయం కాదు, బాధ్యతారాహిత్యమని రాస్తారు. చేతిపనిలో మన పిల్లలు వెనుకబడరు, ఈ విషయంలోనే తడబడతారు. అర్ధరాత్రి ఫోన్‌లో సీనియర్‌కు కేసు చెప్పేటప్పుడు రోగి పరిస్థితి, నీ అనుమానం, నీకు కావలసిన సహాయం మూడు వాక్యాల్లో చెప్పడం ఇప్పటి నుంచే అలవాటు చేసుకో. విజయవాడ హైవే ప్రమాదాల కేసులు నీకు రోజూ వస్తూనే ఉంటాయి కదా, వాటితోనే సాధన చెయ్యి.

స్టెప్ 1లో 2022 నుంచి మార్కులు చూపడం లేదు కనుక బరువంతా స్టెప్ 2 మీద పడింది. దాని తేదీ నిర్ణయించుకున్నాకే నీట్ పీజీ కోచింగ్‌కు డబ్బు కట్టాలా వద్దా అని ఆలోచించు. రెండు పడవల మీద కాళ్లు వద్దు. మీ నాన్నతో కూర్చొని పరీక్షల రుసుములు, ఇంటర్వ్యూ ప్రయాణాలు, సీటు రాకపోతే గడపవలసిన ఒక ఏడాది ఖర్చు కాగితం మీద వేసి నాకు పంపు. అది చూశాక నేనెంత సర్దగలనో చెబుతాను.

మీ మేనమామ