జామకాయలో పురుగు: చెట్టు కొట్టేయాలా?

ప్రశ్న: మా ఇల్లు ఉప్పల్‌లో. గేటు పక్కన ఐదేళ్ల జామ చెట్టుంది. ఏటా ఆగస్టులో కొమ్మలు వంగేలా కాస్తుంది కానీ ఏ కాయ కోసినా లోపల తెల్ల పురుగులే. నర్సరీలో ఇచ్చిన మందు రెండుసార్లు కొట్టాను, లాభం లేదు. మా అత్తయ్య చెట్టు కొట్టించేయమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అత్తయ్యగారిని ఒక్క ఏడాది ఆగమనండి. చెట్టుకు రోగమేమీ లేదు, ఇది పండు ఈగ పని. కాయ దోరకొచ్చే వేళకి ఆడ ఈగ తొక్కను సన్నగా పొడిచి లోపల గుడ్లు పెట్టి పోతుంది, పురుగు పుట్టేదీ పెరిగేదీ గుజ్జులోనే కాబట్టి పైన మీరెంత మందు కొట్టినా దానికి తగలదు, పైగా ఇంట్లో పిల్లలు తినే కాయలవి. ఆ డబ్బా పక్కన పెట్టేయండి.

ఇప్పుడు చెట్టు మీద నిమ్మకాయంత ఉన్న కాయలకు కాగితం కవరో పల్చటి పాత గుడ్డో కట్టండి. రాలిన కాయల్ని చెట్టు కిందే వదిలేస్తాం చూడండి, అసలు తప్పంతా అక్కడుంది. పురుగు కాయలోంచి బయటికొచ్చి మట్టిలో దూరి, కొన్నాళ్లకు మళ్లీ ఈగై లేస్తుంది. రోజూ ఏరి ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి బిగించి ఎండలో పెట్టండి, పాదులో మట్టి అప్పుడప్పుడు తిరగేయండి. మిథైల్ యూజినాల్ (వాసనతో మగ ఈగల్ని లాగే మందు) పెట్టిన ఎర బుట్ట కూడా కట్టొచ్చు, కాకపోతే దాన్లో పడేవి మగ ఈగలే, పక్కింటి జామ మీంచి వచ్చే ఆడ ఈగను అదేం ఆపదు.

అసలు పని వచ్చే వేసవిలో. జామ కొత్త చిగురు మీదే పూస్తుంది. ఫిబ్రవరి, మార్చిలో వచ్చిన పూత వానాకాలంలో కాయై చప్పగా, పురుగుతో చేతికొస్తుంది. వానలు మొదలయ్యాక పూసింది చలికాలంలో పండుతుంది, తీపంతా దాన్లోనే, ఈగ బాధా తక్కువ. అందుకని ఏప్రిల్‌లో నీళ్లు బాగా తగ్గించేయండి (ట్యాంకర్ల మీద బతికే కాలనీల్లో ఎట్లాగూ తగ్గుతాయి), పూత, పిందె రాలుతుంటే టెన్షన్ పడొద్దు. మే మొదట్లో కొమ్మల కొసల్ని, అంటే ఆ ఏడాది సాగిన లేత భాగాన్ని, సగం దాకా కత్తిరించి, పాదుకు మాగిన పశువుల ఎరువు, కాస్త వేపపిండి వేసి మళ్లీ నీళ్లు మొదలుపెట్టండి. కొన్నాళ్లు చెట్టు బోడిగా కనిపించి ఇంట్లోవాళ్లు తిడతారు, నేనూ తిన్నాను తిట్లు. సంక్రాంతి ముందూ వెనకగా కాయ కోసుకోవచ్చు. ఆగస్టులో కాసినన్ని మాత్రం కాయవు, అది ముందే చెబుతున్నా.