సౌనాలో 80 డిగ్రీలు తట్టుకుంటున్నాను, ఎండకు ఎందుకు తల తిరుగుతోంది?

ప్రశ్న: మాది చంద్రపూర్ జిల్లా బల్లార్షా. నా వయసు 54 ఏళ్లు, ఓపెన్‌కాస్ట్ (ఆరుబయట తవ్వే) బొగ్గు గనిలో ఉద్యోగం. నాలుగేళ్లుగా బీపీ మాత్రలు వాడుతున్నాను. జిమ్‌లో 80 డిగ్రీల సౌనా (వేడి గాలితో చెమట పట్టించే) గదిలో పది నిమిషాలు కూర్చున్నా ఇబ్బంది లేదు కానీ, బయట 45 డిగ్రీల ఎండకే తల తిరిగి తలనొప్పి వస్తోంది. మెడికల్ షాపులో ఇచ్చే నొప్పి మాత్ర వేసుకుంటే తగ్గుతోంది. సౌనాలో అరగంట కూర్చుంటే ఎండకు అలవాటు పడతానా?

జవాబు: సౌనా సంగతి తరువాత చూద్దాం. ముందుగా ఆ నొప్పి మాత్రను ఈ రోజే ఆపండి.

మీ మందుల చీటీ నేను చూడలేదు కాబట్టి ఖాయంగా చెప్పలేను. అయితే చాలా బీపీ మాత్రల్లో ఒంట్లోని ఉప్పును, నీటిని మూత్రం ద్వారా బయటికి పంపే మందు కలిసి ఉంటుంది. ఎండలో చెమటతో ఇప్పటికే నీరు తగ్గిన మనిషి, టెల్మిసార్టన్ వంటి బీపీ మందుతో పాటు ఆ నీటిని పంపే మందునూ వాడుతూ, పైన డైక్లోఫెనాక్ గానీ ఐబుప్రోఫెన్ గానీ వంటి నొప్పి మాత్ర వేసుకుంటే మూత్రపిండాలకు రక్తప్రసరణ తగ్గి అవి హఠాత్తుగా దెబ్బతినే ప్రమాదం ఉంది. మొదట్లో మూత్రం తగ్గడం తప్ప వేరే లక్షణం కనిపించకపోవచ్చు. తలనొప్పి తగ్గింది కదా అని మీరు అనుకుంటున్నారు. తగ్గింది నొప్పి మాత్రమే, దానికి కారణమైన నీటి లోటు అలాగే ఉంది. వేసవిలో ఇలా మాత్రలతో వారం రోజులు నెట్టుకొచ్చి, కాళ్లు వాచాక వచ్చేవారిని చూస్తూనే ఉంటాం. షాపులో అడిగినంత తేలికగా డాక్టరును ఎందుకు అడగరో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అలాగని బీపీ మాత్రను సొంతంగా మానేయకండి. మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్, రక్తంలోని లవణాలైన సోడియం, పొటాషియం పరీక్షలు చేయించి, కూర్చున్నప్పుడూ నిలబడినప్పుడూ బీపీ చూపించుకోండి. మోతాదు మార్చాలో లేదో మీ వైద్యులు నిర్ణయిస్తారు.

ఇక సౌనా. అక్కడి గాలి బాగా పొడిగా ఉండడం వల్ల చెమట వెంటనే ఆరి ఒంటిని చల్లబరుస్తుంది; పైగా పది నిమిషాల్లో మీరు బయటికి వచ్చేస్తారు. గనిలోనైతే ఎండ, రాతి వేడి, శ్రమ కలిసి గంటల తరబడి సాగుతాయి, రాత్రి కూడా ఒళ్లు చల్లబడదు. అందుకే ఆ రెండు అంకెలను పోల్చకూడదు. సౌనాకూ హద్దు ఉంది: 2010లో ఫిన్లాండ్‌లోని హైనోలాలో జరిగిన ప్రపంచ సౌనా పోటీలో, 110 డిగ్రీల గదిలో పట్టుదలగా కూర్చున్న పోటీదారు ఒకరు మరణించారు. పరీక్షల ఫలితాలు వచ్చేదాకా మీరు సౌనాకు వెళ్లకపోవడమే మంచిది. ఎండకు అలవాటు పడడానికి పనివేళలను ఒకటి రెండు వారాల పాటు కొద్దికొద్దిగా పెంచడమే సురక్షితమైన పద్ధతి.

మీ తోటివారిలో ఎవరైనా ఎండలో తికమకగా మాట్లాడినా, స్పృహ తప్పినా, చెమట పడుతున్నా సరే వడదెబ్బగానే భావించి 108కు ఫోన్ చేయండి. అంబులెన్స్ వచ్చేలోగా నీడకు చేర్చి ఒళ్లంతా చల్లటి నీళ్లు పోస్తూ విసరండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకండి. పారాసెటమాల్ ఈ వేడిని దించదు.

డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు బీపీ మందులతో పాటు ఆ నొప్పి మాత్రల ఖాళీ స్ట్రిప్పులను కూడా తీసుకెళ్లండి.