స్టిక్కర్ గమ్ తీయమంటే పెయింటే పోగొట్టారు.. కేసు నిలుస్తుందా?

ప్రశ్న: నాన్నగారు 2018లో కొత్తగా కొన్న కారు ఇది. ఆయన పోయాక నేను వాడుతున్నాను. బానెట్, డోర్ల మీది పాత స్టిక్కర్లు తీయడానికి హైదరాబాద్‌లో ఒక షాపుకిచ్చాను. గమ్ వదలట్లేదని ఏదో వేసి రుద్దితే బానెట్ మెరుపంతా పోయి తెల్లగా మచ్చలు పడింది. ఎడమ డోర్ మీద గమ్ సగం అలాగే ఉంది. ‘రీపెయింట్ బండి కాబట్టే పోయింది’ అంటాడు యజమాని. చేసిస్తానంటూ 22 నెలలుగా తిప్పుతున్నాడు. బిల్లు లేదు, 1,800 రూపాయలు ఫోన్‌పే చేశాను. ఎవరో గీకారని ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెట్టమంటున్నారు స్నేహితులు. నాన్న గుర్తు ఇలా అయిందని మనసు ఊరుకోవడం లేదు. - ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీ కేసు తేలేది ఒక్క విషయం మీద. పెయింటు ముందే బలహీనమా, లేక వాళ్లు వేసి రుద్దిన ద్రావణం దాన్ని తినేసిందా? సేవాలోపం జరిగిందని రుజువు చేయాల్సింది ఫిర్యాదుదారే.

ఆ రుజువు మీ ఎడమ డోర్ మీదే ఉంది. అక్కడ మిగిలిన గమ్‌ను పెట్రోలుతోనో కిరోసిన్‌తోనో తుడిచేయకండి. కంపెనీ సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లి, మీటరుతో బానెట్, డోర్ల పెయింటు మందం కొలిపించండి. ఫ్యాక్టరీ పెయింటు సాధారణంగా 100-150 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దగ్గర ఉంటుంది, మళ్లీ వేసిన చోట బాగా పెరుగుతుంది. తర్వాత వాళ్ల చేతే డోర్ మీది గమ్‌ను ఒక మూల వేడిగాలితో మెత్తబరిచి, గమ్ రిమూవర్‌తో తీయించి వీడియో తీయండి. కింద పెయింటు చెక్కుచెదరకపోతే యజమాని వాదనకు బలం పోతుంది. ఈ వివరాలు, రిపేరు ఎస్టిమేట్ లెటర్‌హెడ్ మీద తీసుకోండి. అప్పటిదాకా బానెట్‌కి పాలిష్ కూడా వద్దు.

ఇక ఇన్సూరెన్స్ సలహా. ఆ పని చచ్చినా చేయకండి. అబద్ధపు క్లెయిమ్ భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద మోసం అవుతుంది. పైగా ‘ఎవరో గీకారు’ అని సంతకం పెట్టిన ఫారం తెచ్చి అవతలి లాయర్ వినియోగదారుల కమిషన్ ముందు పెడితే మీ కేసు అక్కడితో సరి. ఇన్నేళ్లూ క్లెయిమ్ లేకుండా నో క్లెయిమ్ బోనస్ వస్తూ ఉంటే, ఇన్సూరెన్స్ మీద యాక్సిడెంట్ రిపేర్లు జరగలేదనడానికి ఆ పాలసీ కాగితాలు మీకు కొంత ఆధారం. దాన్ని మీ చేత్తో మీరే పాడుచేసుకుంటారా?

22 నెలల్లో ఒక్క ఉత్తరం ముక్క రాయలేదంటే ఏమనాలి? వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 69 ప్రకారం గడువు రెండేళ్లు. ‘వచ్చే వారం చేసిస్తా’ అనే నోటిమాటతో అది పెరగదు. మీరు నోటీసు పంపినా ఆగదు. దాటితే ఆలస్యానికి తగిన కారణం చూపి వేరే దరఖాస్తు పెట్టుకోవాలి. ‘నమ్మి ఆగాను’ అంటే ఒప్పుకుంటారన్న భరోసా లేదు.

ఈ వారమే స్పీడ్ పోస్టులో నోటీసు పంపి 15 రోజులు టైమివ్వండి. జవాబు రాకపోతే ఇక ఆగొద్దు. షాపు హైదరాబాద్‌లో ఉన్నా, మీరుండే ఖమ్మం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. ఈ విలువకు ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు. బిల్లు లేదని టెన్షన్ పడొద్దు. ఫోన్‌పే రసీదు, బ్యాంకు స్టేట్‌మెంటుతో డబ్బిచ్చినట్టు చూపొచ్చు. యజమానితో వాట్సాప్ చాట్ ఉంటే ఫోన్ మార్చకుండా దాచి, ప్రింట్లకు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా చూపడానికి ఇచ్చే ధ్రువపత్రం) జతచేయండి.

బానెట్ పెయింటింగ్ ఖర్చు, ఇచ్చిన 1,800, మానసిక వేదనకు సబబైన మొత్తం, కేసు ఖర్చులు అడగండి. నాన్నగారి ప్రస్తావన ఫిర్యాదులో ఒక్క వాక్యం చాలు. కారు, పాలసీ ఇంకా ఆయన పేరునే ఉంటే మాత్రం మీ పేరుకు మార్పించుకునే పని వెంటనే మొదలుపెట్టండి. ఈలోగా ఫిర్యాదుకు వారసత్వ కాగితాలు జతచేయండి.