ముందు దూరం వెళ్లి రండి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మలుకి, పెద్దమ్మ ఆశీస్సులు.

మీరిద్దరూ ఓడ ప్రయాణానికి వెళుతున్నారని తెలిసి ఎంత సంతోషించానో. ఓడలో ఏం చేయాలో నేను చెప్పనక్కరలేదు, అడుగడుగునా చెప్పేవాళ్లుంటారు. చెప్పేవాళ్లు లేనిది ఓడ దిగాకే. అందుకే మధ్యలో ఆగే చిన్న రేవు పట్టణాల గురించి రాస్తున్నాను. ఇన్నేళ్ల ప్రయాణాల్లో నా మనసులో నిలిచిపోయినవన్నీ అలాంటి ఊళ్లే.

అన్నిటికంటే ముందు గడియారం. ఓడ సమయం, ఊరి సమయం ఒకటే కాకపోవచ్చు. ఓడ కదిలేది ఓడ సమయం ప్రకారమే. ఫోను మాత్రం ఒడ్డు సిగ్నల్ అందగానే తనంతట తానే ఊరి సమయానికి మారిపోతుంది. ఒకసారి నేను ఫోను చూసి ఇంకా గంట ఉందనుకుని కోట మెట్ల మీద కూర్చుండిపోయాను. మీ పెదనాన్న చేతి గడియారం ఓడ సమయంలోనే ఉంది కాబట్టి సరిపోయింది. రెక్క పట్టుకుని లాక్కొచ్చారు. మేం ఓడ ఎక్కిన ఐదు నిమిషాలకు ఓడ మెట్లు తీసేశారు. తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. అల్లుడి చేతికి మామూలు గడియారం ఉండేలా చూడు.

ప్రయాణికులు ఎన్నింటికల్లా ఓడ ఎక్కాలో ఆ రోజు కార్యక్రమాల కాగితంలో ఉంటుంది. సాధారణంగా అది ఓడ బయలుదేరడానికి అరగంట ముందు. మీరు గుర్తుంచుకోవలసింది ఆ సమయాన్నే. ఆ ఊళ్లో ఓడ తరఫున పనులు చూసే ఏజెంటు ఫోను నంబరు కూడా అందులో ఉంటుంది. కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకో. ఓడవాళ్లు ఏర్పాటు చేసిన విహారయాత్ర ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, లేదంటే వాళ్లే మిమ్మల్ని తరువాతి రేవుకు చేరుస్తారు. సొంతంగా తిరిగితే ఆ పూచీ, ఖర్చూ మీవే. అయినా చిన్న ఊళ్లో సొంతంగా తిరగడమే మేలని నా అభిప్రాయం.

రేవు చిన్నదైతే ఓడ ఒడ్డుకు రాదు. దూరంగా లంగరు వేసి, పడవల్లో దింపుతారు. విహారయాత్ర బృందాలను ముందు పంపిస్తారు కనుక పొద్దున్నే వెళ్లి వరుసలో నిలబడవద్దు. ఆ రద్దీ తగ్గాక వెళ్లండి. పడవలోకి అడుగుపెట్టేటప్పుడు మాత్రం జాగ్రత్త తల్లీ. అల మీద పడవ లేస్తుంది, పడుతుంది. కళాసి చెయ్యి చాపుతాడు. అతని వేళ్లు కాదు, ముంజేయి పట్టుకో. నీ ముంజేతిని అతను పట్టుకుంటాడు, అప్పుడు పట్టు జారదు. పడవ పైకి లేచి నీ పాదానికి సమానంగా వచ్చినప్పుడు అడుగు వెయ్యి. దూకవద్దు. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, సంచి వీపుకే ఉండాలి. సముద్రం బాగా లేకపోతే దింపడమే మానేస్తారు. అప్పుడు బాధపడకండి, అది మన ప్రాణాల కోసమే.

ఇక తిరగడం. మీరు చూడాలనుకున్న వాటిలో అన్నిటికంటే దూరమైన చోటికి ముందు వెళ్లండి. కాళ్లలో ఓపిక ఉండగానే కోట గానీ కొండ గానీ ఎక్కేయండి. అక్కడి నుంచి ఒక్కో వీధీ దాటుకుంటూ మెల్లగా రేవు వైపు రండి. తిరుగుదారి అంచనాకు అందదు. గ్రీసులోని శాంటోరినిలో పాత రేవు నుంచి కొండ అంచున ఉన్న ఊరికి కేబుల్ కారులో గానీ, ఆరు వందలకు దగ్గరగా ఉన్న మెట్ల మీదుగా గానీ వెళ్లాలి. సాయంత్రం ఓడల వాళ్లందరూ ఒకేసారి దిగడానికి వస్తారు, వరుస మలుపు తిరిగిపోతుంది. పడవల దగ్గరా అంతే, చివరి గంటలోనే రద్దీ. గంటన్నర మిగిలి ఉండగానే రేవు చేరండి.

ఆ గంటన్నర వృథా అనుకోవద్దు. నాకు ఆ రోజంతటిలో ఇష్టమైనది అదే. ఒకచోట జెట్టీ అంచున ఒక ముసలాయన వల బాగుచేసుకుంటున్నాడు. చిరిగిన చోటు కాలి బొటనవేలికి తగిలించి బిగువుగా లాగి, చెక్క సూదితో ఒక్కొక్క కన్నూ అల్లుతున్నాడు. ముడి బిగిసినప్పుడల్లా బొటనవేలు కొద్దిగా కదిలేది. ఆయన పక్కన పడవ తాళ్లు కట్టే ఇనుప గుంజ ఏళ్ల తరబడి రాపిడికి నున్నబడి, అద్దంలా మెరుస్తోంది. మేం అరగంట చూస్తూ కూర్చున్నాం. మాటలేమీ లేవు, భాష తెలియదు. లేచేటప్పుడు ఆయన తల ఊపాడు. ఫొటో తీయాలనిపిస్తే ముందు సైగతోనైనా అడగండి. ఓడలో మనం వేలమందిమి, ఆ ఊళ్లో వాళ్లు కొద్దిమంది.

ఇంకొక్క మాట. సముద్రం మీద ఉన్నప్పుడు ఫోను దానంతటదే ఓడ నెట్‌వర్క్ అందుకుంటుంది, బిల్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఒడ్డుకు చేరాకే తీయండి. ఓడ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు చూపించడానికి ఓడవాళ్లు ఇచ్చే కార్డు, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు ఒంటి మీదే ఉండాలి.

మీ మొదటి రేవు ఏదో, అక్కడ ఓడ ఎంతసేపు ఆగుతుందో రాయి. ముందు ఎటు వెళ్లాలో ఇద్దరం కలిసి పటం మీద చూసుకుందాం.

మీ పెద్దమ్మ