స్ప్రేయర్లు తయారు చేస్తానంటున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన డ్రాయింగు చూశాను. బొబ్బిలిలో షెడ్డు అద్దెకి దొరికిందని, ట్రాక్టరు వెనక తగిలించే బూమ్ స్ప్రేయర్లు (రెండు పక్కలా చాచిన పొడుగు రెక్కల మీంచి మందు కొట్టేవి) చేస్తావని అక్క ఫోన్లో చెప్పింది. బాపట్లలో ఇంజనీరింగు చదివిన పిల్లాడు మన జిల్లాలోనే మిషన్లు చేస్తానంటే నాకు చాలా సంతోషంగా ఉంది. ముప్పై ఏళ్లు ఇదే పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి, షెడ్డుకి అడ్వాన్సు ఇచ్చేముందు నా మాట కాస్త విను.

మిషను గీసేముందు పురుగు ఎక్కడుంటుందో చూడు. వరిలో సుడిదోమ దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన గుంపుగా చేరి రసం పీలుస్తుంది. మొక్కజొన్నలో కత్తెర పురుగు సుడిలో దూరి కూర్చుంటుంది. ఉద్దానం జీడితోటల్లో టీ దోమ లేత చిగుళ్లనీ పూగుత్తులనీ పట్టుకుంటుంది. నీ డ్రాయింగులో ఈ మూడింటికీ ఒకటే బూమ్, ఒకటే నాజిల్ (మందు చిమ్మే మూతి). అలా కుదరదు. ముందు ఒక పంట పట్టుకో. నన్నడిగితే వరి.

నేను చేసిన తప్పు చెబుతాను. మొదట్లో ఆరు మీటర్ల బూమ్ చేశాను. వర్క్‌షాపు గచ్చు మీద నీళ్లు పోసి నడిపితే ముచ్చటగా ఉంది. చీపురుపల్లి దగ్గర ఒక రైతు మడిలో దింపితే చక్రం బురదలో కూరుకుపోయి ఒక రెక్క పైరులోకి వంగింది, రెండోది గాల్లోకి లేచింది. మన మడులా చిన్నవి, గట్టు దాటించడానికే నలుగురు మనుషులు కావాల్సొచ్చారు. ఆ రైతు ఒక్క మాట అనలేదు. నలిగిన పైరు వంక చూస్తూ నిలబడ్డాడు. అప్పటికి తయారైన నాలుగు మిషన్లనీ పాత ఇనుము కింద అమ్మేశాను. అందుకే నీ మొదటి నమూనాని నాట్లేసి నెలన్నర దాటిన మడిలోనే దింపి చూడు.

మందు ఎక్కడ పడుతోందో కళ్లారా చూడాలి. నీటి చుక్క పడితే నీలంగా మారే పసుపు కాగితాలు మీ ల్యాబులో చూసే ఉంటావు. ఒకే దుబ్బుకి మూడు ఎత్తుల్లో మూడు కాగితాలు గుచ్చి, ఉత్త నీళ్లతో కొట్టించు. మంచు ఆరాకే పెట్టు, తడి చేత్తో ముట్టకు, కాగితం ఊరికే నీలమైపోతుంది. మేం మొదటిసారి చూసినప్పుడు పై కాగితం పూర్తిగా నీలం, మధ్యది చుక్కలు చుక్కలు. నీటి దగ్గర పెట్టినదాని మీద ఏడెనిమిది చుక్కలు, అంతే. దోమ ఉండేది అక్కడే! మూడుసార్లు కొట్టినా దోమ చావకపోతే మందు కల్తీదని రైతు షాపువాడితో గొడవపడతాడు. చాలాసార్లు మందు అక్కడిదాకా దిగనే దిగదు. ఎకరానికి పది లీటర్ల నీళ్లతో పైనుంచి కొట్టే డ్రోన్‌కి కూడా ఒత్తు పైరులో ఇదే కష్టం. ప్రతి రెండు మీటర్లకీ 20 సెంటీమీటర్ల కాలిబాట తీయమని రైతులకి చెబుతారు కదా. ఆ బాటలో నడిచే సన్న చక్రం, పైరులోకి వేలాడే రెండు గొట్టాలు, వాటి చివర నాజిళ్లు. నీ డిజైను అక్కడ మొదలవ్వాలి.

మందు పొగలా వస్తే మిషను బాగున్నట్టు కూలీలు అనుకుంటారు. వాళ్లకి నచ్చుతుందని ప్రెషర్ పెంచకు. 100 మైక్రాన్ల లోపు, అంటే మిల్లీమీటరులో పదో వంతు కూడా లేని చుక్క గాలికి కొట్టుకుపోతుంది. కళింగపట్నం వైపు పొద్దెక్కి సముద్రపు గాలి లేచిందంటే ఆ పొగంతా పక్క మడికీ, కొట్టేవాడి ముఖానికీ. పైగా నాజిల్‌లోంచి నీరు రెట్టింపు రావాలంటే ప్రెషర్ నాలుగింతలు కావాలి. నీరు ఎక్కువ కావాలంటే నాజిలే మార్చు.

ప్రతి మిషనుతోపాటు ఒక కొలత గ్లాసు ఇవ్వు. నాజిల్ నిమిషానికి 900 మిల్లీలీటర్లు ఇస్తూ, ఒక మీటరు వెడల్పు తడుపుతూ, మనిషి నిమిషానికి 40 మీటర్లు నడిస్తే ఎకరానికి దాదాపు 91 లీటర్లు పడుతుంది. అదే నాజిల్ అరిగి 1100 అయితే 111 లీటర్లు. ట్యాంకుకి కలిపే మందు మారదు కాబట్టి రైతు డబ్బు అంతా ఆ బెజ్జంలోంచే పోతుంది. కొత్తదానికంటే పది శాతం ఎక్కువ పోస్తే నాజిల్ పారేయాలని రైతుకి నువ్వే చెప్పు. మామూలు రబ్బరు వాషర్లు పెట్టకు, మందుల్లో ఉండే ద్రావకాలకి ఉబ్బిపోయి, కారిన మందు మనిషి వీపు మీద పడుతుంది. వీపున మోసే మోడల్ చేస్తే పట్టీల విషయంలో పిసినారితనం వద్దు. 16 లీటర్ల నీళ్లంటేనే 16 కిలోలు, ఆ బరువుతో రోజంతా బురదలో నడిచే మనిషి భుజం ఒకసారి చూడు.

అనంతపురం దగ్గర గార్లదిన్నెలో వ్యవసాయ యంత్రాల్ని పరీక్షించే కేంద్ర ప్రభుత్వ సంస్థకి తర్వాత వెళ్దువు గాని. ముందు శ్రీకాకుళం దగ్గర రాగోలు వ్యవసాయ పరిశోధన స్థానానికి వెళ్లి, ఏ దశలో దోమ ఎక్కువో అక్కడి శాస్త్రవేత్తల్ని అడుగు.

సిరిమాను పండక్కి ఎలాగూ వస్తావు. ఒక ప్యాకెట్ పసుపు కాగితాలు పట్టుకురా. మన కింద మడిలో దోమ అప్పటికి చేరుతుంది. పొద్దున్నే ఇద్దరం దిగుదాం.

మీ మావయ్య